తప్పు వెతకడం వేరు, తప్పు పట్టడం వేరు

కిందటి వేసవిలో నా మాట వల్ల ఒక కుర్రాడికి మూడు రోజుల కూలి పోయింది. నేను చెప్పింది అబద్ధం కాదు. కళ్లతో చూసిందే చెప్పాను, అందులో కాస్త ఇంజినీరింగ్ కూడా ఉంది. అయినా అది తప్పే. ఈ వ్యాసం ఆ తప్పు గురించి.

మూడో ఏడాది పరీక్షలయ్యాక మనమందరం ఇంటర్న్‌షిప్‌ల వేటలో పడ్డాం కదా. మా మెకానికల్ వాళ్లలో కొందరికి కార్ల షోరూములు దొరికాయి, కొందరికి సర్టిఫికెట్ మాత్రమే ఇచ్చే ఆఫీసులు దొరికాయి. నాకు ఏదీ రాలేదు. చివరికి మా దూరపు చుట్టం ఒకాయన పుణ్యమా అని విశాఖ దగ్గర ఒక బీచ్‌లో జెట్ స్కీలు తిప్పే చోట నెలన్నర పని దొరికింది. బీచ్ పేరు, ఓనర్ పేరు రాయడం లేదు. రాస్తే నేను చెప్పబోయే దానికి నేనే అడ్డం తిరిగినట్టవుతుంది. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

అక్కడ ఐదు బండ్లు. వాటిని చూసుకునేందుకు ఒక మేస్త్రి. వయసు యాభై పైనే ఉంటుంది. చేపల బోట్ల ఇంజిన్ల దగ్గర పని నేర్చుకుని ఇటొచ్చాడు. నన్ను ‘ఇంజినీరు బాబూ’ అని పిలిచేవాడు. అందులో మర్యాద ఎంతో, వెటకారం ఎంతో నాకు ఇప్పటికీ లెక్క తేలలేదు. బండ్లు నడిపే కుర్రాళ్లు నలుగురు, అందరూ ఆ పక్క పల్లెల వాళ్లే, సముద్రం మీద పుట్టి పెరిగినవాళ్లే. వాళ్లలో అందరికంటే చిన్నవాడు, పంతొమ్మిదేళ్లవాడు, నన్ను ‘అన్నా’ అనేవాడు. కూలి పోయింది అతనికే.

సి.ఎస్.ఇ., ఇ.సి.ఇ. మిత్రుల కోసం ముందు బండి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను.

‘జెట్ స్కీ’ అనేది అసలు కవాసాకీ కంపెనీ 1973లో తెచ్చిన బండి పేరు. ఫోటోకాపీకి జిరాక్స్ అన్నట్టు, ఇప్పుడు ఏ కంపెనీ బండినైనా అదే పేరుతో పిలుస్తున్నాం. పడవకి ఉన్నట్టు దీనికి బయట తిరిగే రెక్కలు ఉండవు. బండి అడుగున ఒక సొరంగం, అందులో ఇంపెల్లర్. అది కింద నుంచి నీళ్లు లాగి, వెనక నాజిల్ గుండా జోరుగా విసురుతుంది. ఆ విసురుకే బండి ముందుకి దూకుతుంది.

ఇక ఇంజిన్‌ని చల్లబరిచేది ఎవరు? ఇందులో రెండు పద్ధతులున్నాయి. సీ-డూ ఫోర్ స్ట్రోక్ బండ్లలో కారులో లాగానే కూలెంట్ లోపల్లోపలే తిరుగుతుంది. బండి అడుగున ఉండే లోహపు పలక రేడియేటర్ పని చేస్తుంది. యమహా, కవాసాకీ బండ్లలో ఎక్కువగా ఓపెన్ లూప్. అంటే సముద్రపు నీళ్లే నేరుగా ఇంజిన్‌లోకి వెళ్లి, వేడిని మోసుకుని బయటికి పోతాయి. మాది ఈ రెండో రకం.

ఈ రెండో రకంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. చల్లటి నీళ్ల కోసం వేరే పంపు ఉండదు. బండిని ముందుకి నెట్టే ఇంపెల్లరే పని చేస్తూ చేస్తూ కాస్త నీటిని ఒక సన్న పైపులోకి తోస్తుంది. ఆ నీళ్లు జాలీ గుండా వెళ్లి, ఇంజిన్ బ్లాకు, సిలిండర్ హెడ్, ఎగ్జాస్ట్ చుట్టూ తిరిగి బయటపడతాయి. అందులో ఒక పాయ బండి పక్కనుంచి సన్నటి ధారగా చిమ్ముతూ కనిపిస్తుంది. నీళ్లు లోపల తిరుగుతున్నాయనడానికి బయట కనిపించే గుర్తు అదొక్కటే. మేస్త్రి భాషలో అయితే, “బండి ఒంటేలుకి ఎల్తందా నేదా, ముందది చూడు బాబూ.” ఆసుపత్రిలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి అని గుర్తొచ్చి నవ్వుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఇది నవ్వాల్సిన విషయం కాదని తెలిసింది.

ఎందుకంటే ఈ లెక్క చూడండి. ఊహకోసం, ఇంజిన్ పూర్తి జోరులో ఉన్నప్పుడు నీళ్లు మోసుకుపోవాల్సిన వేడి 100 కిలోవాట్లు అనుకుందాం. నీటి స్పెసిఫిక్ హీట్ 4.18. సముద్రపు నీళ్లు 30 డిగ్రీల దగ్గర లోపలికెళ్లి 70 దగ్గర బయటికి రావాలంటే సెకనుకి సుమారు 0.6 కిలోలు, అంటే నిమిషానికి 36 లీటర్లు తిరగాలి. ఇప్పుడు దారిలో ఎక్కడో అడ్డుపడి సగం నీళ్లే వెళ్తున్నాయనుకోండి. తేడా 40 కాదు, 80 డిగ్రీలు కావాలి. 30కి 80 కలిపితే 110. అంతకంటే ముందే నీళ్లు మరగడం మొదలవుతుంది. మరిగి ఆవిరైన చోట లోహానికి తగిలే నీరే ఉండదు. సగం దారి మూసుకుపోతే సగం ఇబ్బంది కాదు, మొత్తం ఇబ్బంది. అందుకే బండిలోని కంప్యూటర్ వేడి హద్దు దాటగానే బజర్ మోగించి, ఇంజిన్ వేగాన్ని తనంతట తనే తగ్గించేస్తుంది. ఎంత నొక్కినా బండి పాకుతూనే వస్తుంది.

మే రెండో వారంలో ఒక బండి అలాగే పాకుతూ వచ్చింది. వెనక సీటులో ఒక టూరిస్టు, ముందు మా తమ్ముడు. ఒడ్డుకి వచ్చేసరికి టూరిస్టు మండిపడుతున్నాడు, డబ్బులు వెనక్కిమ్మంటున్నాడు. ఓనర్ గారు ఆయన్ని బతిమాలి పంపించి, ఇటు తిరిగి, “ఏం చేశావురా బండిని?” అన్నారు. తమ్ముడు తల వంచుకున్నాడు. ఆ గొడవ ఒక ఇరవై నిమిషాలు నడిచింది. ఆ తర్వాత నన్ను చూడమన్నారు. ఆ రోజు మేస్త్రి లేడు, పెళ్లికెళ్లాడు.

నేను సీటు తీశాను. పైపులన్నీ బిగుతుగానే ఉన్నాయి. గార్డెన్ పైపు పెట్టి ఇంజిన్ నడిపాను, పక్క ధార చక్కగా వస్తోంది. అప్పుడు జాలీ విప్పాను. అందులో గుప్పెడు కాదు గానీ, చిటికెడు ఇసుక, రెండు గవ్వ ముక్కలు. నా గుండె ఎగిరింది. దొరికింది! “సార్, జాలీలో ఇసుకుంది. లోతు లేని చోట బండి ఆన్‌లో పెడితే పంపు ఇసుక లాగేస్తుంది. అదే కారణం.” లోతు తక్కువ నీళ్లలో ఇంజిన్ తిప్పకూడదన్నది నిజమే. ఇసుక ఇంపెల్లర్ అంచుని, దాని చుట్టూ ఉండే వేర్ రింగ్‌ని అరగదీస్తుందన్నదీ నిజమే. నేను పుస్తకం చదివినట్టు చెప్పేశాను. లోతు లేని చోట బండి పెట్టింది ఎవరు? నడిపినవాడే కదా. ఓనర్ గారు మూడు రోజుల కూలి కోసేశారు. నన్ను మెచ్చుకుని కొబ్బరిబోండం కూడా తాగించారు. తాగాను.

నాలుగు రోజులకి అదే బండి, అదే బజర్. మళ్లీ ఇసుకే అన్నారు. జాలీ విప్పి చూస్తే శుభ్రంగా ఉంది. మేస్త్రి అప్పటికి వచ్చేశాడు. నేను జాలీ సంగతి, ఇసుక సంగతి గొప్పగా చెప్పాను. ఆయన అంతా విని ఒకటే అన్నాడు. “బీచిలో తిరిగే బండి జాలీలో ఇసక నేకపోతే ఏటుంటాది బాబూ? మిగతా నాలుగు బండ్లయి ఇప్పి సూసినావా?”

చూడలేదు. ఆ సాయంత్రం విప్పాను. నాలుగింటిలోనూ చిటికెడు చిటికెడు ఇసుకుంది. ఒక దాంట్లో మా ‘దోషి’ బండిలో కంటే ఎక్కువే ఉంది, ఆ బండి మాత్రం ఏ బజరూ లేకుండా తిరుగుతోంది. ల్యాబ్‌లో ‘కంట్రోల్’ అనే మాట మనం ఎన్నిసార్లు రాశామో! బయట ఒక మనిషి కూలి దగ్గర అది నాకు గుర్తు రాలేదు.

మూడోసారి బజర్ మోగినప్పుడు సీజన్ మంచి ఊపు మీదుంది. శనివారం, జనం క్యూలో ఉన్నారు. ఓనర్ గారికి విసుగొచ్చి, “ఆ సెన్సారే పోయుంటుంది. వైరు పీకేయండి, గోల ఉండదు” అన్నారు. సెన్సార్ పోవడం అసాధ్యమేమీ కాదు. ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టడం అక్కడ రోజూ చూసేదే. కానీ మేస్త్రి ఒప్పుకోలేదు. “ఏడిసే పిల్లోడి నోరు నొక్కితే కడుపునొప్పి తగ్గిపోద్దేటండీ?” అన్నాడు. బండిని పక్కన పెట్టించాడు. ఓనర్ గారు ఆ రోజంతా మాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత మేస్త్రి చేసింది చూసి నాకు సిగ్గేసింది. ఆయన రెంచి పట్టుకోలేదు. తమ్ముడిని పిలిచి, పక్కన కూర్చోబెట్టి, బీడీ వెలిగించి, “చెప్పరా, మొదటి నుంచీ చెప్పు. ఏటవుతంది?” అన్నాడు.

తమ్ముడు చెప్పాడు. చిన్న రౌండులో ఎప్పుడూ రాదు. పది నిమిషాల పెద్ద రౌండులోనే, అదీ తిరిగొచ్చేటప్పుడే కూస్తుంది. కూత రావడానికి ముందు పక్క ధార సన్నబడుతుంది. కాసేపు ఆగితే మళ్లీ మామూలే. సెన్సార్ పోతే ధార ఎందుకు సన్నబడుతుంది? ఇసుకే అడ్డమైతే కాసేపు ఆగగానే ఎలా సర్దుకుంటుంది? నా రెండు సిద్ధాంతాలూ, ఓనర్ గారి సిద్ధాంతమూ ఆ నాలుగు మాటల్లో కొట్టుకుపోయాయి.

“ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?” అన్నాను.

“ఇసకలోకి ఎందుకెట్టావని అడిగారన్నా. ఏటయిందని ఎవులూ అడగనేదు.”

మిత్రులారా, ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే, జనం రాకముందు, తమ్ముడు ఆ బండిని పెద్ద రౌండు తిప్పాడు. పక్కనే రెస్క్యూ బోటులో నేనూ మేస్త్రీ. ఎనిమిదో నిమిషానికి ధార సన్నబడింది. తొమ్మిది దాటాక బజర్. బండిని ఒడ్డుకి లాగిన మరుక్షణం, చెయ్యి కూడా తుడుచుకోకుండా మేస్త్రి సీటు ఎత్తేశాడు. సిలిండర్ హెడ్ నుంచి వేడినీళ్లు బయటికెళ్లే పైపు, వంపు తిరిగే చోట మడత పడి, చప్పిడి ముక్కులా నొక్కుకుపోయి ఉంది. మేం చూస్తూ ఉండగానే పావుగంటలో అది చల్లబడి, మెల్లగా గుండ్రంగా విచ్చుకుంది. ఏమీ ఎరగనట్టు మామూలు పైపై కూర్చుంది.

అప్పుడు అర్థమైంది. ప్రతిసారీ బండి రాగానే మేం ఏం చేశాం? ముందు గొడవ పెట్టుకున్నాం. ఇరవై నిమిషాలు, అరగంట. ఆ తర్వాత సీటు తీశాం. అప్పటికి పైపు చల్లబడి విచ్చుకునేది. ఎవరిది తప్పు అని మేం వాదించుకుంటున్న సేపట్లోనే, తప్పు ఎక్కడుందో చూపించే సాక్ష్యం చల్లారిపోయేది. గార్డెన్ పైపు పరీక్షలో ఎందుకు బయటపడలేదో కూడా తేలిపోయింది. ఒడ్డు మీద, లోడు లేకుండా, ఐదు నిమిషాలు తిప్పితే ఆ రబ్బరు మెత్తబడేంత వేడే పుట్టదు.

ఇక అసలు సంగతి. ఆ పైపు వేసింది నేనే.

నేను చేరిన మొదటి వారంలో పాత పైపు క్లాంపు దగ్గర పగిలింది. కంపెనీ పైపు రావాలంటే రోజులు పడుతుంది, ఖరీదూ ఎక్కువ. ఓనర్ గారు హార్డ్‌వేర్ షాపులో దొరికేది వేసెయ్యమన్నారు. నేను వెర్నియర్ పెట్టి లోపలి వ్యాసం సరిగ్గా కొలిచి, తెచ్చి, బిగించాను. ఒక్క చుక్క కారలేదు. ఫోటో తీసి మా గ్రూపులో కూడా పెట్టాను, మీలో కొందరు లైక్ కొట్టారు. కంపెనీ పైపు ఆ వంపులోనే పోత పోసింది, లోపల గుడ్డ పొర ఉంటుంది. నేను తెచ్చింది తిన్నటి పైపు, దాన్ని బలవంతంగా వంచాను. వ్యాసం కొలిచాను. వంపు కొలవలేదు, ఎంత వేడికి తట్టుకుంటుందో అడగలేదు. అప్పట్లో రౌండ్లు మూడు నాలుగు నిమిషాలే కాబట్టి బయటపడలేదు. సీజన్ పెరిగాక పది నిమిషాల రైడ్లు మొదలుపెట్టారు, అప్పుడు బయటపడింది.

ఓనర్ గారికి వెళ్లి చెప్పాను. ఆయన కాసేపు నన్ను చూసి, “పోన్లే బాబూ, నేర్చుకునేవాడివి” అన్నారు. గమనించారా? అదే తప్పు తమ్ముడిదని అనుకున్నప్పుడు కూలి కోత. నాదని తేలాక ‘నేర్చుకునేవాడివి’. కోసిన కూలి తిరిగివ్వమని అడిగాను, చూద్దాం అన్నారు. నా స్టైపెండ్‌లోంచి నేనే ఇవ్వబోతే తమ్ముడు తీసుకోలేదు. “నువ్విత్తే నాకు కూలి ఇచ్చినట్టవ్వదన్నా. ఆయనే ఇవ్వాలి” అన్నాడు. మేస్త్రి వెంటపడి అడగ్గా అడగ్గా నెలాఖరున ఆయన ఇచ్చారు. అందులో నా గొప్పేమీ లేదు.

ఇక నా అభిప్రాయం. ఇంగ్లీషులో రెండు పనులకీ దాదాపు ఒకే మాట వాడతారు. మన తెలుగు ఆ రెంటినీ విడదీసింది. తప్పు వెతకడం ఒకటి, తప్పు పట్టడం ఇంకొకటి. మొదటిదానికి ప్రశ్న ‘ఎక్కడ?’ రెండోదానికి ప్రశ్న ‘ఎవరు?’ ఇంజినీరు చేయాల్సింది మొదటి పని. మనం అలవాటుగా చేసేది రెండోది. రెండోది ముందు చేస్తే మొదటిది ఇక జరగదు. ఎందుకంటే బండి గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి, దాని మీద కూర్చున్న మనిషి, ఆ క్షణం నుంచి నోరు మూసుకుంటాడు. సెన్సార్ వైరు పీకేస్తే బజర్ ఎలా ఆగుతుందో, మనిషిని తిడితే సమాచారం అలాగే ఆగుతుంది.

ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. విమాన ప్రమాదాల విచారణకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాలు రాసిన పత్రం ఒకటుంది, అనుబంధం 13 అంటారు. విచారణ ఉద్దేశం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడడమే తప్ప, నింద ఎవరిదో, బాధ్యత ఎవరిదో పంచడం కాదని అందులో స్పష్టంగా ఉంది. పైలట్లు, మెకానిక్‌లు జరిగింది జరిగినట్టు చెప్తేనే తర్వాతి విమానం క్షేమంగా దిగుతుందని వాళ్లకి తెలుసు. టొయోటా వాళ్ల ‘ఐదు ఎందుకులు’ పద్ధతి మనం మేనేజ్‌మెంట్ పేపర్లో బట్టీ పట్టాం. ఇంజిన్ ఎందుకు వేడెక్కింది? నీళ్లు తగ్గాయి. ఎందుకు? పైపు నొక్కుకుంది. ఎందుకు? వేడికి మెత్తబడింది. ఎందుకు? ఆ చోటికి పనికొచ్చే పైపు కాదు. ఎందుకు? స్టాకులో అసలు పైపు పెట్టుకోలేదు, కొత్తగా వచ్చినవాడి పనిని ఎవరూ సరిచూడలేదు. చూడండి, ఐదో మెట్టుకి చేరేసరికి జవాబు మనిషి పేరు కాదు, చేసే పద్ధతి అయింది. ‘డ్రైవర్’ అనే జవాబు దగ్గర ఆగిపోయేవాడు మొదటి మెట్టు కూడా ఎక్కలేదన్నమాట.

ఇప్పుడు మన కాలేజీకి వద్దాం. మన ల్యాబుల్లో ఏదైనా పగిలితే ఏమవుతుంది? బ్రేకేజీ. పగలగొట్టిందెవరో తెలిస్తే వాడి మీద, తెలియకపోతే బ్యాచ్ మొత్తం మీద. దాంతో మనం నేర్చుకున్నదేంటి? పగిలినదాన్ని మెల్లగా అతికించి, తర్వాతి బ్యాచ్ చేతికి వచ్చేలా పెట్టేయడం. గేజ్ తప్పు చూపిస్తుంటే చెప్పకుండా, సీనియర్ రికార్డులోంచి రీడింగులు దింపుకోవడం. గ్రాఫ్ సరళరేఖ రాకపోతే పాయింట్లనే జరపడం. ఇవన్నీ ఏమిటనుకున్నారు? ఇవి సెన్సార్ వైర్లు పీకేయడమే. మూడేళ్లు ఆ పని చేసి, బయటికెళ్లి, ‘నేను ఇంజినీరుని’ అని జాలీలో చిటికెడు ఇసుక చూపించి ఒకడి కూలి కోయించాను. ల్యాబ్ మీద నెట్టేసి నేను తప్పుకోవడం లేదు. నేను చేసింది నేను చేశానని పైనే రాశాను. కానీ ఆ అలవాటు నాకు ఎక్కడ అబ్బిందో కూడా చెప్పాలి కదా.

ఇక్కడ మీలో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. మా రూమ్మేట్ ఇప్పటికే అడిగాడు. “ఎవరినీ ఏమీ అనకపోతే అందరూ ఇష్టమొచ్చినట్టు చేస్తారు కదరా? నిజంగానే బండిని ఇసుకలోకి తీసుకెళ్లేవాడు ఉంటాడు కదా?” ఉంటాడు. బాధ్యత వద్దని నేను అనడం లేదు. బజర్ వైరు పీకేయమని తెలిసి తెలిసి చెప్పడం, పొరపాటున తప్పు పైపు వేయడం ఒకటి కావు. మొదటిదానికి గట్టిగానే నిలదీయాలి. నేను అడుగుతున్నది వరుస మార్చమని మాత్రమే. ముందు ‘ఏమైంది’, తర్వాత ‘ఎక్కడ’, తర్వాత ‘ఎందుకు’, అన్నిటికంటే చివర ‘ఎవరు’. వరుస మారితే న్యాయం తగ్గదు, పెరుగుతుంది. మా బీచ్‌లో ‘ఎవరు’ ముందొచ్చింది. అందుకే తప్పు చేసినవాడు కొబ్బరిబోండం తాగాడు, చేయనివాడు కూలి పోగొట్టుకున్నాడు.

ఇంకో మాట కూడా అంటారు, టైమ్ లేదని. క్యూలో జనం ఉన్నారు, రికార్డు రేపే సబ్మిట్ చేయాలి, ఇంతలో ఎవరు కూర్చుని కథలు వింటారు అని. మేస్త్రి తమ్ముడితో మాట్లాడింది ఒక బీడీ కాలేంత సేపు. దానికి ముందు మేం పది రోజులు, మూడు గొడవలు, ఒక టూరిస్టు డబ్బులు, ఒక మనిషి కూలి ఖర్చు పెట్టాం. టైమ్ లేనిది ఎవరికో మీరే లెక్కేయండి.

కాబట్టి మన హెచ్.ఓ.డి. గారికి, ల్యాబ్ సిబ్బందికి ఈ పత్రిక ద్వారా రెండు విన్నపాలు. మొదటిది, ప్రతి ల్యాబులో ఒక ‘ఏమైంది’ పుస్తకం పెట్టండి. అందులో తేదీ, పరికరం, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏం కనిపించింది, ఏం వినిపించింది అన్న గళ్లు చాలు. పేరు గడి వద్దు. రెండోది, సెమిస్టర్‌లో ఒక్క ప్రాక్టికల్ అయినా, కావాలని ఒక లోపం పెట్టిన యంత్రాన్ని మాకివ్వండి. సరైన రీడింగుకి మార్కులు కాదు, లోపాన్ని ఏ దారిలో వెతికామో దానికి మార్కులు. దారిలో వచ్చిన తప్పు అనుమానాలు కూడా రాయాలి, వాటికీ మార్కులుండాలి. నా ఇసుక సిద్ధాంతానికి ఆ ల్యాబులో సున్నా వచ్చి ఉంటే, బీచ్‌లో ఎవరికీ నష్టం ఉండేది కాదు.

విద్యార్థులుగా మన చేతిలో ఉన్నది అంతకంటే చిన్నదే, ఎవరి అనుమతీ అక్కర్లేనిది. ప్రాజెక్టు బోర్డు కాలిపోయినా, కోడ్ రాత్రి పన్నెండుకి ఆగిపోయినా, హాస్టల్లో మోటారు తిరగకపోయినా, మన నోట్లోంచి వచ్చే మొదటి మాట “ఎవడ్రా చేసింది?” కాకుండా చూసుకుందాం. “ఏమైంది? మొదటి నుంచీ చెప్పు” అందాం. చెప్పేవాడు మనకంటే జూనియర్ అయినా, చదువుకోనివాడైనా, ముఖ్యంగా అలాంటివాడైనప్పుడు, చివరిదాకా విందాం.

ముందు సీటు తీద్దాం. గొడవ తర్వాత పెట్టుకోవచ్చు, అప్పటికీ అవసరం మిగిలుంటే.